వేలికి గుచ్చుకున్న సూది

సిస్టర్ జసింతకు గ్లౌజులంటే ఒళ్ళుమంట.

పని తెలియని పిల్లేం కాదు. గుంటూరులో నర్సు చదువు చదివింది, సూది పడితే రోగికి గుచ్చినట్టే తెలియదని పేరు. చదువయ్యాక నేరుగా పల్నాడు మెట్టమీద ఉన్న మఠంలో చేరింది. మఠాన్ని ఆనుకునే ఆసుపత్రి. క్షయ పట్టినవాళ్ళు, హెచ్‌ఐవి వచ్చినవాళ్ళు, ఇంట్లోవాళ్ళు బండిలో తెచ్చి దింపి మళ్ళీ తొంగి చూడనివాళ్ళు, అందరికీ అదే దిక్కు. వచ్చే పండక్కి జసింత కన్యాస్త్రీగా మొదటి వ్రతాలు తీసుకోవాలి. చర్చి సెయింట్లని కొలిచే పునీతుల చరిత్రలు చదివీ చదివీ ఆ పిల్లకు ఒకటే ధ్యాస పట్టుకుంది, తానూ ఒక పునీతురాలు కావాలని. తప్పేముంది లెండి. ఆ వయసులో కొందరికి మనసు పట్టుచీరల మీద ఉంటుంది, ఈ పిల్లకు స్వర్గం మీద ఉంది.

ఆ ధ్యాసకు తోడు చిన్నప్ప వచ్చాడు.

చిన్నప్ప బ్యాండుమేళంలో బూర ఊదేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో మరియమ్మ తేరు కదిలినా, ఎవరింట్లో శవం లేచినా, ముందు అతని బూర వినపడాల్సిందే. హెచ్‌ఐవి అని తేలాక ఆ బూరను తమ్ముళ్ళు అటకెక్కించారు. కంచం వేరు చేశారు, గ్లాసు వేరు చేశారు, ఆఖరికి మంచాన్ని గొడ్లచావిట్లోకి మార్చారు. ఆసుపత్రికి చేరేసరికి మనిషి ఎండుకట్టె. వచ్చిన కొత్తలో రక్తం తీయడానికి ల్యాబు మనిషి ఒకడు వచ్చాడు. గ్లౌజు మీద గ్లౌజు తొడుక్కుని, మొహం పక్కకు తిప్పుకుని, చిన్నప్ప చేతిని చచ్చిన ఎలకతోక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అతను వెళ్ళిపోయాక చిన్నప్ప దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడవడం జసింత చూసింది.

అంతే, ఇక ఆ పిల్ల నిశ్చయించేసుకుంది. ఈయన దగ్గర గ్లౌజు తొడగను గాక తొడగను.

గ్లౌజులతో ఆగితే బాగుండేది. ఆసుపత్రిలో సూదుల డబ్బా అని ఒకటి ఉంటుంది. గట్టి ప్లాస్టిక్కుది, మీద ప్రమాదం గుర్తు. వాడిన సూదిని వాడినట్టే, మూత పెట్టకుండా, వెంటనే అందులో పడెయ్యాలి. ఎవరి మంచం దగ్గర సూది వాడితే ఆ మంచం దగ్గరికే డబ్బా రావాలని మఠం పెద్ద మదర్ ఆగ్నేసమ్మ గారి నియమం. మిగతా రోగుల దగ్గర జసింత ఆ నియమం తు.చ. తప్పకుండా పాటించేది. చిన్నప్ప దగ్గరికి వచ్చేసరికి మనసొప్పేది కాదు. ఇంట్లో కంచం వేరు చేయించుకుని వచ్చిన మనిషి, తల పక్కనే ఆ గుర్తున్న డబ్బా పెడితే ఏమనుకుంటాడు? అందుకని దాన్ని వార్డు గుమ్మం దగ్గరి బల్లమీదే వదిలేసి, వాడిన సూదికి తిరిగి మూత పెట్టి, బల్లదాకా చేత్తో పట్టుకెళ్ళేది.

ఒకరోజు ఆగ్నేసమ్మ గారి కంట పడింది. ఆవిడకు డెబ్భై దాటాయి, అయినా పూటపూటా వార్డులన్నీ తిరుగుతారు. మాట తక్కువ. చిన్నప్ప నుదుటిమీద ఆవిడ రోజూ ఒట్టి చేత్తోనే సిలువగుర్తు వేసేవారు, లేవలేని రోజు ఒట్టి చేత్తోనే అన్నం కలిపి పెట్టేవారు. సూదో రక్తమో అయితే మాత్రం ముందు గ్లౌజు తొడుక్కునేవారు.

"గ్లౌజులేవి?" అన్నారు.

"మదర్, ఒకమాట అడుగుతాను, కోప్పడరుగా?"

"అడుగు."

"మనకూ రోగికీ మధ్య ఆ రబ్బరు తొక్క ఉంటే ప్రేమ ఎక్కడుంటుంది మదర్?"

ఈ ప్రశ్న జసింత చాలా రోజుల్నించి దాచుకుంది. అడిగాక మొహం వెలిగింది. ఆగ్నేసమ్మ గారు ఆ వెలుగు వంక కాసేపు చూశారు.

"గ్లౌజులు వద్దని చిన్నప్ప అడిగాడా?"

"అడగలేదు. అడక్కుండానే మనం తెలుసుకోవద్దా మదర్?"

"అడిగి తెలుసుకోవాల్సినవీ ఉంటాయి. సూది పట్టినప్పుడు గ్లౌజు, మంచం దగ్గర డబ్బా. వెళ్ళు."

జసింత తలూపింది. కానీ మనసులో మాత్రం, పెద్దవాళ్ళయిపోయారు పాపం, నియమాలే మిగిలాయి అనుకుంది. చిన్నప్ప దగ్గర మళ్ళీ పాత పద్ధతే.

ఆ వారంలోనే ఓ పొద్దున, పూజ అయ్యాక, చిన్నప్పకు రక్తం తీయాల్సి వచ్చింది. ఆ రక్తం పరీక్ష చూస్తే గాని ఏ మందు ఎంత ఇవ్వాలో డాక్టరు గారు తేల్చలేరు. జసింత ఒట్టి చేతులతో నరం దొరికించుకుంది, నొప్పి తెలియకుండా తీసింది, దూది అదిమి చిన్నప్ప చేతికే పట్టుకోమని ఇచ్చింది. ఎడమచేత్తో మూత తీసుకుని సూదికి పెట్టబోతుండగా చిన్నప్పకు దగ్గుతెర ముంచుకొచ్చింది. మనిషి మంచంమీంచి ముందుకు వంగిపోయాడు. పట్టుకుందామని జసింత అటు తిరిగింది. సూది మూతలోకి పోలేదు. ఆమె ఎడమ చూపుడువేల్లోకి దిగింది.

వేలిమీద ఒక్క రక్తపు బొట్టు.

చిన్నప్ప దగ్గు ఠక్కున ఆగిపోయింది.

"సిస్టరమ్మా, గుచ్చుకుందా?"

"లేదు బాబాయ్, ఏం లేదు," అంది జసింత. వేలు అంగీ మడతల్లో దాచేసింది. పునీతురాలు కావాలనుకున్న పిల్ల నోట ముందొచ్చిన మాట అబద్ధం. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

గుమ్మం దాటేసరికి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెలియనిది ఏముంది కనక! పరీక్షల కోసం బట్టీ పట్టిన పాఠమే. గుచ్చుకోగానే సబ్బుతో కడుక్కోవాలి, పైవాళ్ళకు చెప్పాలి, గంటల్లోనే మందు మొదలుపెట్టాలి. మూడు రోజులు దాటితే ఇక ఆ మందు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం బతికినంతకాలం అది తనతోనే.

వేలు గుడ్డపీలికతో చుట్టుకుని గుళ్ళోకి పోయి మోకరించింది. చెబితే ఏమంటారు? చెప్పిన మాట విననిదానికి వ్రతాలెందుకని ఇంటికి పంపించేస్తారేమో. అమ్మానాన్నల మొహాలు గుర్తొచ్చాయి. ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడే ఇంకో ఆలోచన మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. ఇది ప్రమాదం కాదేమో. ప్రభువు తనను ఎంచుకున్నాడేమో. చిన్నప్ప మోసే సిలువలో ఒక ముక్క తనకూ ఇచ్చాడేమో.

"ప్రభువా, ఇది నీకే అర్పిస్తున్నాను," అంది. ఆ మాట అన్నాక భయం కొంచెం తగ్గింది. తగ్గడమే కాదు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నప్ప అన్నం ముట్టలేదు. సాయంత్రం గంజి పంపిస్తే పంపించినట్టే వెనక్కి వచ్చింది. మర్నాడు పొద్దున మాత్రలు ఇస్తే వేసుకుంటానని తీసుకుని దిండు కింద పెట్టేశాడు. ఆయాలు బతిమాలారు, పక్క మంచాలవాళ్ళు కేకలేశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ ఒంటికి పూట తిండి తప్పితే తట్టుకునే శక్తి ఎక్కడిది? చివరికి జసింత గంజి గిన్నె పట్టుకుని వెళ్ళింది. తను అడిగితే కాదనడని ఆమె ధీమా.

"బాబాయ్, రెండు చెంచాలు. నాకోసం."

చిన్నప్ప దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. లోపల్నించి, "రాబాకమ్మా. నీకు దణ్ణం పెడతా, నా దగ్గరికి రాబాక," అన్నాడు.

ఈ మనిషి కోసం తను ఎంత చేసింది! పరుగున పోయి ఆగ్నేసమ్మ గారికి చెప్పింది, చిన్నప్పకు ఏమైందో తెలియడం లేదని. ఆవిడ లేచి వచ్చి, అతని మంచంమీద కూర్చుని, దుప్పటిలో చెయ్యి పెట్టి అతని చెయ్యి పట్టుకున్నారు. జసింత గుమ్మం బయట తెర పక్కన నిలబడిపోయింది.

కాసేపటికి చిన్నప్ప గొంతు వినపడింది.

"మదరమ్మా, నా పెళ్ళాం నా వల్లే పోయింది. మీకు తెలుసు. దాని ఉసురు మోస్తానే ఉన్నా. ఇంక ఈ జబ్బు నాతోనే పోద్దిలే, ఇంకెవరికీ అంటదులే అనుకున్నా. నిన్న ఆ బిడ్డ వేల్లో నా సూది దిగింది. కళ్ళారా చూశా. అడిగితే లేదంటది. నన్ను చూసి నవ్వుద్ది. ఇంకో ఆడబిడ్డను నేను మింగేశాను మదరమ్మా. నాకు గంజి ఎట్టా దిగుద్ది?"

తెర పక్కన జసింత చేతిలో గిన్నె ఒరిగింది. గంజి అంగీమీద ఒలికింది.

ఆగ్నేసమ్మ గారు బయటికి వచ్చారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది జసింతకు. ఆవిడ ఆ పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని, చుట్టిన గుడ్డ విప్పి, వేలు వెలుతురులోకి తిప్పి చూశారు.

"సబ్బుతో కడిగావా?"

జసింత తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున, మదర్."

ఆవిడ పెదాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. అంతే. జసింత మోచెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి తీసుకెళ్ళారు, దగ్గరుండి కడిగించారు, డాక్టరు గారికి కబురు పెట్టారు. ఆయన వచ్చి పరీక్షకు జసింత రక్తం తీసుకున్నారు, అల్మరాలోంచి మాత్రలు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. "నిన్ననే మొదలుపెట్టాల్సింది. ఈ నిమిషమే వేసుకో. నెల రోజులు ఒక్క పూట తప్పకూడదు," అని చెప్పి వెళ్ళారు. ఆగ్నేసమ్మ గారు ఆ పూట మాత్రలు చిన్న పళ్ళెంలో పోసి, నీళ్ళగ్లాసుతో జసింత ముందుంచారు.

జసింత చెయ్యి చాపలేదు.

"మదర్, దీన్ని నేను ప్రభువుకు అర్పించాను. ఇప్పుడు మందు వేసుకుంటే, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టు కాదా?"

మాటలో ఇంకా పట్టు ఉంది. ఆగ్నేసమ్మ గారు పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు.

"రా," అన్నారు.

చిన్నప్ప మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. పళ్ళెం పక్కన పెట్టి, అతని మొహంమీంచి దుప్పటి తొలగించారు.

"చిన్నప్పా, సిస్టరుకు మందు తెచ్చాం. ఆమె వేసుకోనంటోంది. ఎందుకో నీకు చెబుతుంది." జసింత వైపు తిరిగారు. "నాతో అన్నమాటే. ఈయనకు చెప్పు."

చిన్నప్ప మోచేతిమీద లేచాడు. మూడు పూటల పస్తుతో కళ్ళు లోపలికి పోయాయి. ఆ కళ్ళతో జసింత నోటివంకే చూస్తున్నాడు, ఉరిశిక్షో విడుదలో ఆ నోట్లోంచే రావాలన్నట్టు.

"బాబాయ్, నేను దీన్ని..." అంది జసింత. గుళ్ళో ఎంత సులువుగా వచ్చిన మాట! "దీన్ని నేను, ప్రభువుకు..."

"ఏంది తల్లీ?" అన్నాడు చిన్నప్ప.

ఆ మొహం ముందు ఆ మాట అనడానికి ఏ పునీతురాలికైనా నోరు రాదు. ఆ పిల్ల పళ్ళెం అందుకుంది. మాత్రలన్నీ ఒక్కసారే నోట్లో వేసుకుని గటగటా నీళ్ళు తాగేసింది.

చిన్నప్ప ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"నోరు తెరువు," అన్నాడు.

ఆ వార్డులో మాత్రలు మింగినట్టు నటించి బుగ్గన పెట్టుకునేవాళ్ళు ఉంటారు. అందుకే రోజూ పొద్దున్నే జసింత మంచం మంచానికీ తిరిగి ఒక్కొక్కరినీ నోరు తెరవమని, నాలుక ఎత్తమని చూసేది. ఇప్పుడు తనే చిన్నపిల్లలా నోరు తెరిచింది. నాలుక ఎత్తింది. చిన్నప్ప మెడ సాచి అటూ ఇటూ చూసి, తృప్తిగా తలూపాడు. తర్వాత తన దిండు కింద చెయ్యి పెట్టి, దాచిన మాత్రలు తీసుకున్నాడు.

"గంజుంటే పొయ్యమ్మా," అన్నాడు.

ఇలాంటి సంగతి చెబితే వినేవాళ్ళు ముందు ఒకటే అడుగుతారు, ఆ పిల్లకు జబ్బు వచ్చిందా అని. రాలేదు. నెలలు గడిచాక చేసిన ఆఖరి పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. కానీ ఆ రోజుల్లో ఆ మాట ఎవరికి తెలుసు? తెలియకుండానే బతకాలి. ఆ మందు జసింతను పిండేసింది. తిన్నది నిలిచేది కాదు, నడుస్తుంటే నేల తిరిగేది. అయినా పూటపూటా చిన్నప్ప మంచం దగ్గరికే వచ్చి మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించి వెళ్ళేది.

ఆ మందు మొదలైన రెండో రోజే ఇంకో చిక్కు వచ్చింది. సూది గుచ్చుకున్న పొద్దున చిన్నప్పకు తీసిన రక్తం ఆ కంగారులో ల్యాబుకు చేరకుండా పాడైపోయింది. మళ్ళీ తీయాలి. చిన్నప్ప ససేమిరా అన్నాడు.

"ఆ ల్యాబు మనిషినే రమ్మనండి, పక్కకు తిరిగి తీసుకోమనండి, పడతా. సిస్టరమ్మ మాత్రం వద్దు. ఆ బిడ్డ నా దగ్గర సూది పడితే నేను కళ్ళు తెరిచి చూడలేను."

జసింత కూడా అదే మాట అంది. "నన్ను పంపించకండి మదర్. నా చేతులు నా మాట వినడం లేదు. ఇంకెవరినైనా పంపించండి. ఇక సూది పనికే నేను తగను."

ఆగ్నేసమ్మ గారు ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు. విని, పళ్ళెంలో సూది, దూది, గ్లౌజుల జత సర్దుకున్నారు. గుమ్మం దగ్గరి బల్లమీంచి సూదుల డబ్బా చంకన పెట్టుకున్నారు. జసింతను వెంట రమ్మని సైగ చేశారు.

చిన్నప్ప తల పక్కన స్టూలు లాగి, డబ్బాను దానిమీద పెట్టారు. ప్రమాదం గుర్తు అతని మొహం వైపే ఉంది. జసింత ప్రాణం చివుక్కుమంది.

"ఇది నీ తల దగ్గర పెడితే నీకు కష్టంగా ఉందా చిన్నప్పా?" అని అడిగారు ఆగ్నేసమ్మ గారు.

"ఇదేంది మదరమ్మా?"

"వాడిన సూది ఇంకెవరికీ గుచ్చుకోకుండా పడేసే డబ్బా."

చిన్నప్ప దానివంక చూశాడు, జసింత వేలికున్న పట్టీ వంక చూశాడు.

"ఇట్టాంటిది ఉందా?" అన్నాడు. "ఇది ఉండగా ఆ రోజు ఎందుకు తేలేదమ్మా?"

జసింత తల దించుకుంది. చిన్నప్ప చెయ్యి చాపి, స్టూలును ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

అప్పుడు ఆగ్నేసమ్మ గారు గ్లౌజుల జత తీసి జసింతకు ఇవ్వలేదు. చిన్నప్ప ఒళ్ళో పెట్టారు.

అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మదరమ్మ మొహంలోకి చూశాడు. కాసేపటికి అతనికే అర్థమైంది. లేచి సర్దుకుని కూర్చున్నాడు.

"చేతులిటియ్యి తల్లీ."

జసింత రెండు చేతులూ ఇచ్చింది. చిన్నప్ప ఒక గ్లౌజు నోరు సాగదీసి, ఆమె చేతికి ఎక్కించడం మొదలుపెట్టాడు. చెమటకు రబ్బరు అంటుకుని ఒక పట్టాన రాలేదు. అతనికి తొందరేం లేదు. బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, ఒక్కొక్కదాన్నీ చివరిదాకా లాగి, ముడత లేకుండా నిమిరాడు. పట్టీ ఉన్న వేలి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, నొప్పి పుడుతుందేమోనని ఆమె మొహం చూసుకుంటూ, మెల్లగా, చాలా మెల్లగా తొడిగాడు. పెళ్ళాం చచ్చిపోయాక అతను ఇంకొక మనిషి చేతిని ఇంతసేపు పట్టుకోలేదు. మణికట్టు దగ్గర అంచు సరిచేసి, సరిపోయిందా అన్నట్టు రెండు చేతులూ తన అరచేతుల మధ్య ఒకసారి అదిమాడు.

తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, తన చెయ్యి చాపాడు.

"ఇంక తియ్యి. నేను చూత్తా ఉంటా," అన్నాడు.

జసింత సూది అందుకోబోయింది. నరం కనపడలేదు. చిన్నప్ప చెయ్యే కనపడలేదు. కళ్ళ నిండా నీళ్ళు, చెంపలమీంచి కారి గడ్డం కింద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులకు గ్లౌజులు.

ఆగ్నేసమ్మ గారు తన ముసుగు కొంగు ముందుకు లాక్కుని, ఆ పిల్ల కళ్ళు తుడిచారు. మళ్ళీ నిండాయి. మళ్ళీ తుడిచారు.

"ఏడుపు అయ్యాకే సూది పట్టుకో," అన్నారు. "మేమిద్దరం ఇక్కడే ఉంటాం."

చిన్నప్ప చాపిన చెయ్యి అలాగే చాపి ఉంచాడు.